చాఫ్ అంటే ఊక కాదు

ఇంగ్లీషు పాఠంలో చాఫ్ అనే మాట వచ్చిందని, నిఘంటువులో ఊక, పొట్టు రెండూ ఉన్నాయని, ఏది సరైనదో, అసలా మాట ఎక్కడిదో చెప్పమని అడిగారు. వరి పండించే ఇంట్లో పుట్టినవాణ్ణి. నిఘంటువు ఏమన్నా సరే, ఊక అని మాత్రం రాయకండి.

చాఫ్ గోధుమలు తినే దేశం మాట. గోధుమ కంకిని కొడితే గింజ మీది పొరలు అక్కడికక్కడే ఊడతాయి, గాలికి పడితే ఎగిరిపోతాయి. వరి అలా కాదు. ఎంత కొట్టినా పొర గింజను వదలదు, వడ్లు వడ్లుగానే ఉంటాయి. అది వదలాలంటే ఒకప్పుడు రోకలి, ఇప్పుడు రైస్ మిల్లు. అక్కడ ఊడేది ఊక. క్వింటా వడ్లు ఆడిస్తే సుమారు 20 కిలోలు వస్తుంది. దాన్ని ఇంగ్లీషువాళ్ళు హస్క్ అంటారు, హల్ అంటారు. కల్లంలో గాలికి లేచేది వేరు: తాలు, అంటే గింజ పట్టని వడ్లు, పొట్టు, గడ్డి తునకలు. బైబిలును తెలుగు చేసినవాళ్ళకు ఈ తేడా తెలుసు. మొదటి కీర్తనలో దుష్టుల్ని గాలి చెదరగొట్టే పొట్టుతో పోలుస్తారు చూడండి, ఇంగ్లీషులో అక్కడున్న మాట చాఫే.

మాట వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులోనే ఉంది. డచ్చివాళ్ళు కాఫ్ అంటారు. పొట్టులో గింజలు ఏరుకుని తింటుందని ఒక పిట్టకు చాఫించ్ అని పేరు పెట్టారు. పశువులకు ముక్కలు చేసి వేసే గడ్డినీ చాఫ్ అనే అంటారు, మన ఊళ్ళకు చాఫ్ కట్టర్ వచ్చింది ఆ అర్థంతోనే. ఇక 1943 జులైలో హాంబర్గ్ మీద దాడికి వెళ్ళిన బ్రిటిష్ విమానాలు అల్యూమినియం పూత కాగితపు పట్టీలు కట్టలు కట్టలుగా ఆకాశంలో వదిలాయి. జర్మన్ రాడార్లకు ఏది విమానమో ఏది కాగితమో తెలియకుండా పోయింది. బ్రిటిష్‌వాళ్ళు దానికి విండో అని రహస్యపు పేరు పెట్టుకుంటే, అమెరికన్లు చాఫ్ అన్నారు. ఆ పేరే నిలిచింది. మన రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో కూడా యుద్ధవిమానాల కోసం జోధ్‌పూర్ ల్యాబులో దీన్ని తయారుచేసింది.

చాఫ్ విమానాల్ని కాపాడుతుందేమో గానీ, మమ్మల్ని మాత్రం తాలు ముంచింది.

ఒక యాసంగిలో మా బాపు, నేను కొనుగోలు కేంద్రానికి వడ్లు తోలుకుపోయాం. తేమ 17 శాతం దాటొద్దు, దాటలేదు. కేంద్రం నడిపే ఆయన దోసెడు వడ్లు తీసి ఉఫ్ అని ఊదాడు. నాలుగు గింజలు లేచాయి.

"తాలున్నది కాకా. మళ్ళ తూర్పార పట్టాలె."

"మిషన్‌తోని కోస్తే ఎవనికైనా గింత ఉంటది గదా సారూ," అన్నాడు బాపు.

సారు అప్పటికే పక్క రాశి దగ్గరికి వెళ్ళిపోయాడు. పెద్ద ఫ్యాను కిరాయికి తెచ్చాం. నేను తట్టతో ఎత్తి పోస్తుంటే బాపు కింద చీపురుతో ఊడ్చాడు. పొట్టు కళ్ళల్లో, మెడలో, బనీను లోపల. వరి నూగు దురద పడ్డవాడికే తెలుస్తుంది, సబ్బుకు పోదు. మధ్యలో గాలి తిరిగి మా పొట్టంతా పక్కాయన రాశి మీద పడింది. ఆయన మా ఏడు తరాల్ని గుర్తుచేశాడు. చివరికి బాపు తానే దోసిట్లో పోసుకుని ఊదాడు, ఒక్క గింజ లేవలేదు.

తూకం దగ్గర మాత్రం 40 కిలోల బస్తాకు కిలోకు పైనే ఎక్కువ పెట్టించారు. ఎందుకంటే "తాలుకు" అన్నారు.

"తాలు అగో, ఆడ కుప్పవడ్డది గదా సార్!" అన్నాను.

"అది ఎల్లిపోయిన తాలు. ఇది మిల్లుకాడ ఎల్లే తాలు," అన్నాడాయన, నవ్వకుండా.

దీనికి ఏ నిఘంటువులో అర్థముందో చెప్పండి! ప్రభుత్వ నిబంధనల్లో పక్వానికి రాని గింజ, ముడుచుకున్న గింజ కలిపి 3 శాతం దాకా ఉండొచ్చని రాసే ఉంది. ఆ కాగితం మా కేంద్రంలో గోడకు కనపడలేదు. ఎగిరిపోయే తాలుకు మేం బరువు కట్టాలి. మిల్లులో వచ్చే ఊక మటుకు మాకు రాదు, ఉప్పుడు బియ్యం బాయిలర్లలో మండుతుంది, ఇటుక బట్టీలకు పోతుంది.

పేపర్లవాళ్ళ మీద కూడా నాకు కోపమే. రోజూ ఎవరో ఒక నాయకుడు ఇంకొకణ్ణి "తూర్పారబట్టారు" అని రాస్తారు. తూర్పార పడితే చివరికి గింజ మిగలాలి. వాళ్ళ మాటల్లో ఏం మిగిలిందో ఎవరూ రాయరు.

సరే, మీ పాఠంలో గోధుమలుంటే పొట్టు అని రాయండి. వరి కల్లమైతే తాలూ పొట్టూ. పశువుల మేతైతే కత్తిరించిన గడ్డి. విమానాలైతే చాఫ్ అనే ఉంచేయండి, దానికి కొత్తగా తెలుగు పేరు పుట్టించే పని పెట్టుకోకండి.