ఆగస్టు 14 ఉండగా పాకిస్తాన్‌లో మార్చి 23న కూడా జాతీయ సెలవు ఎందుకు?

ముస్లింలు ఎక్కువగా ఉన్న ప్రాంతాలకు స్వతంత్ర రాజ్యాలు కోరుతూ 1940లో ముస్లిం లీగ్ చేసిన లాహోర్ తీర్మానానికి గుర్తుగా ఆ రోజు 'పాకిస్తాన్ దినం' జరుపుతారు. అసలు మొదట్లో ఇది గణతంత్ర దినం. 1956లో అదే తేదీన తొలి రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. రెండేళ్లకే సైనిక పాలన వచ్చి రాజ్యాంగాన్ని రద్దు చేసింది. ఇక గణతంత్రం ఊసెత్తడం ఇబ్బందే కదా, అందుకే సందర్భం మార్చి, తేదీ ఉంచేశారు.

దేశంలో ఉద్రిక్తతలున్నా సెలవు పోదు, కవాతే ఆగుతుంది. ఉదాహరణకు, ఉగ్రదాడుల భయంతో ఏళ్లపాటు ఆపేసిన కవాతు 2015లో ఇస్లామాబాద్‌లో మళ్లీ జరిగింది. తెల్లవారగానే రాజధానిలో 31 సార్లు ఫిరంగులు పేల్చి వందనం చేస్తారు.

దీన్నే స్వాతంత్ర్య దినమని చాలామంది పొరబడతారు. అన్నట్టు, ఆ తీర్మానంలో 'పాకిస్తాన్' అన్న మాటే లేదు.