పాఠకుల ప్రశ్నలు: ఎలక్టోరల్ బాండ్ల లెక్కలు చూసేదెలా?

ప్రశ్న: ఎన్నికల సంఘం వెబ్‌సైట్ నుంచి ఎలక్టోరల్ బాండ్ల జాబితాలు దించుకున్నాను. ఒకదాంట్లో కొన్నవాళ్ల పేర్లు, ఇంకోదాంట్లో పార్టీల పేర్లు ఉన్నాయి. బాండ్ నంబరును బట్టి రెండూ కలిపితే ఒకే బాండ్ ఇద్దరు కొన్నట్టు వస్తోంది. పైగా కొన్న బాండ్ల కంటే పార్టీలు సొమ్ముగా మార్చుకున్నవే ఎక్కువున్నాయి. తప్పు ఎక్కడుంది?
(డిగ్రీ విద్యార్థిని, ఖమ్మం)

జవాబు: ముందు మీ దగ్గరున్నవి ఏ జాబితాలో చూసుకోండి. ఎలక్టోరల్ బాండ్లంటే పార్టీలకు విరాళమివ్వడానికి స్టేట్ బ్యాంకు (ఎస్‌బీఐ) అమ్మిన బాండ్లు. సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న ఈ పథకాన్ని కొట్టేశాక ఎన్నికల సంఘం ఎస్‌బీఐ వివరాలను రెండు విడతలుగా పెట్టింది. మార్చి 14 నాటి జాబితాల్లో తేదీ, పేరు, మొత్తం తప్ప బాండ్ నంబర్లు లేవు. వాటితో ఎవరి సొమ్ము ఎవరికి చేరిందో తేలదు. మార్చి 21న పెట్టినవాటిలోనే నంబర్లున్నాయి. నంబర్లతో కలిపానంటున్నారు కాబట్టి మీవి రెండో విడతవే.

ఇక ఒకే బాండ్ ఇద్దరి పేర్ల మీద కనబడటం. ఈ బాండ్లు ఐదు రకాలు: వెయ్యి, పది వేలు, లక్ష, పది లక్షలు, కోటి. ఒక్కో రకానికి ఒక్కో రెండక్షరాల గుర్తు ఉంది. కోటికి ఓసీ, పది లక్షలకు టీఎల్, లక్షకు ఓఎల్, పది వేలకు టీటీ, వెయ్యికి ఓటీ. నంబర్లు ఏ రకానికి ఆ రకంగానే నడుస్తాయి. అంటే కోటి బాండ్‌కు ఉన్న నంబరే లక్ష బాండ్‌కూ ఉండొచ్చు. అందుకే రెండు షీట్లలోనూ గుర్తునూ నంబరునూ జోడించి కొత్త నిలువు వరుస (కాలమ్) చేసుకోండి. రెండు షీట్లను జతచేసే ఎక్సెల్ ఫార్ములా వీలుకప్ (VLOOKUP) ఆ కాలమ్ మీదే పెట్టాలి.

పీడీఎఫ్ నుంచి ఎక్సెల్‌లోకి తెచ్చేటప్పుడు మరికొన్ని ఇబ్బందులు వస్తాయి. ప్రతి పేజీ తలవరుసా మధ్యలో వచ్చి చేరుతుంది, తీసేయండి. '1,00,00,000' అని కామాలతో ఉన్న మొత్తాలు అంకెలుగా కాక అక్షరాలుగా పడి కూడికకు అందవు. నంబరు పక్కన కంటికి కనబడని ఖాళీ ఒక్కటున్నా జత కుదరదు, ట్రిమ్ ఫార్ములా వాడండి. (ఎక్సెల్ ఫైలే పెట్టి ఉంటే ఈ అవస్థే లేదు!) శుభ్రం చేశాక కొన్నవాళ్ల జాబితాలో 18,871 వరుసలు, పార్టీల జాబితాలో 20,421 వరుసలు మిగలాలి.

మార్చుకున్నవి ఎక్కువుండటం మాత్రం తప్పు కాదు. కోర్టు అడిగింది 2019 ఏప్రిల్ 12 నుంచి లెక్క. అప్పటి అమ్మకాలు ఏప్రిల్ 1నే మొదలయ్యాయి. ఎస్‌బీఐ కోర్టుకు చెప్పిన ప్రకారం ఏప్రిల్ 1 నుంచి 11 లోపు 3,346 బాండ్లు అమ్ముడైతే, ఆ రోజుల్లోనే 1,609 మార్చుకున్నారు. మిగిలిన 1,737 బాండ్లు 12వ తేదీకి ఇంకా చేతుల్లోనే ఉన్నాయి. గడువు పదిహేను రోజులు కాబట్టి వాటిలో చాలావరకు తర్వాత పార్టీల ఖాతాల్లో పడ్డాయి. 18,871కి 1,737 కలిపితే 20,608. అందులోంచి 20,421 తీసేస్తే 187. గడువులోగా ఎవరూ మార్చుకోక ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధికి వెళ్లాయని ఎస్‌బీఐ చెప్పిన బాండ్లు సరిగ్గా అన్నే.

మీ పని సరిచూసుకోవడానికి ఈ లెక్కనే వాడుకోండి. పార్టీల వైపు నుంచి వెతికితే కొన్నవారి పేరు దొరకని వరుసలు 1,550కి (1,737లోంచి 187 పోగా) తగ్గకూడదు, 1,737కి మించకూడదు. ఈ హద్దులు దాటిందంటే కలపడంలో ఎక్కడో పొరపాటుంది.

పేర్ల వారీగా కూడేటప్పుడు ఇంకో జాగ్రత్త. ఒకే కంపెనీ పేరు రెండు మూడు రకాలుగా టైపు చేశారు. హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజినీరింగ్ పేరులో ఒకచోట 'లిమిటెడ్' అన్న మాట మధ్యలో విరిగి ఉంది. ఫ్యూచర్ గేమింగ్ పేరు కొన్ని వరుసల్లో సగంలో ఆగిపోయింది. పేర్ల వారీగా కూడి చూపే ఎక్సెల్ పట్టిక పివట్ టేబుల్ వీటిని వేర్వేరు కంపెనీలుగా చూపిస్తుంది. అన్నీ కలిపితే ఫ్యూచర్ గేమింగ్‌కు రూ.1,368 కోట్లు, మేఘాకు రూ.966 కోట్లు రావాలి. మేఘా గ్రూపుదైన వెస్టర్న్ యూపీ పవర్ ట్రాన్స్‌మిషన్ కొన్న రూ.220 కోట్లు ఇందులో లేవు. గ్రూపుల లెక్క కావాలంటే ఎవరికి ఎవరు అనుబంధమో మీరే వెతికి రాసుకోవాలి, జాబితా చెప్పదు.

ప్రశ్న: జాబితాలో 00847 అన్న బ్రాంచి కోడ్ ఉన్నవన్నీ తెలంగాణ వాళ్లు కొన్నవేనా? మన పార్టీలకు మొత్తం ఎంత వచ్చింది?
(విశ్రాంత ఉద్యోగి, విశాఖపట్నం)

జవాబు: కాదు. 00847 ఎస్‌బీఐ హైదరాబాద్ మెయిన్ బ్రాంచి, మీ ఊరి మెయిన్ బ్రాంచిది 00952. బాండ్లమ్మే అధికారం దేశమంతటికీ 29 బ్రాంచిలకే ఉండేది కాబట్టి కోడ్ అమ్మిన చోటు చెబుతుందే గానీ కొన్నవారి ఊరు చెప్పదు. ఎక్సెల్ ముందున్న సున్నాలు తినేసి 847 అని చూపిస్తుంది, రెండూ ఒకటే.

పార్టీల జాబితా ప్రకారం బీఆర్‌ఎస్‌కు సుమారు రూ.1,214 కోట్లు, వైఎస్సార్ కాంగ్రెస్‌కు రూ.337 కోట్లు, తెలుగుదేశానికి రూ.218 కోట్ల పైన, జనసేనకు రూ.21 కోట్లు. దేశం మొత్తమ్మీద బీజేపీది రూ.6,060 కోట్లతో మొదటి స్థానం. ఇవి 2019 ఏప్రిల్ 12 తర్వాత మార్చుకున్నవి మాత్రమే. ఆ ఏడాది ఎన్నికలకు ముందు వచ్చినవి చాలావరకు ఇందులో లేవు.

ప్రశ్న: 2018 మార్చి నుంచి 2019 ఏప్రిల్ 11 వరకు బాండ్లు కొన్నవాళ్ల పేర్లు కావాలని సమాచార హక్కు చట్టం కింద ఎస్‌బీఐని అడగొచ్చా?
(న్యాయవాది, కరీంనగర్)

జవాబు: అడగొచ్చు, కానీ పేర్లు వస్తాయన్న ఆశ పెట్టుకోవద్దు. ఆ కాలపు వివరాలూ బయటపెట్టించాలని కోరితే సుప్రీంకోర్టే 2024 మార్చి 18న ఒప్పుకోలేదు. పేర్లడిగిన దరఖాస్తులకు ఎస్‌బీఐ సెక్షన్ 8(1)(ఇ), అంటే ఖాతాదారు నమ్మి ఇచ్చిన సమాచారమని, 8(1)(జె), అంటే వ్యక్తిగతమని చెబుతూ వచ్చింది. అమ్మకాలకు పాటించిన విధివిధానాల పత్రం అడిగితే వాణిజ్య రహస్యమంటూ 8(1)(డి) చూపింది. తీర్పు వచ్చాక కూడా ఇదే తీరు. అప్పీలులో మీకు ఆసరా సెక్షన్ 8(2). మినహాయింపు ఉన్నా ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వాలంటుంది ఆ సెక్షన్. డేటా రక్షణ చట్టంతో 8(1)(జె) లోని ప్రజాప్రయోజనం మాట పోయింది గానీ 8(2) అలాగే ఉంది.

జవాబు వచ్చే ప్రశ్నలు వేరు. ఏ విడతలో, ఏ బ్రాంచిలో, ఏ రకం బాండ్లు ఎన్ని అమ్ముడయ్యాయి? ముద్రణకు, బ్యాంకు కమిషన్‌కు ప్రభుత్వం ఎంత చెల్లించింది? పథకం మొత్తమ్మీద 30 విడతల్లో సుమారు రూ.16,518 కోట్ల బాండ్లు అమ్ముడైన లెక్క ఇలాంటి దరఖాస్తులతోనే బయటికొచ్చింది. 'ఎందుకు' అని అడగకండి, 'ఫలానా రికార్డు నకలు' అని అడగండి. 500 మాటలు దాటనివ్వద్దు. ఫీజు పది రూపాయలు. ఎస్‌బీఐ కేంద్రం పరిధిలోది కాబట్టి రెండో అప్పీలు ఢిల్లీలోని కేంద్ర సమాచార కమిషన్‌కే వెళ్లాలి. రాష్ట్ర కమిషన్‌కు పంపి నెలలు పోగొట్టుకునేవాళ్లు చాలామంది. జవాబుకు గడువు 30 రోజులు. జవాబు అందాక మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు, దాని మీద ఉత్తర్వు వచ్చాక 90 రోజుల్లో రెండోది.

ప్రశ్న: బాండ్లు పోయాయి. ఇప్పుడు పార్టీలకు ఎవరిస్తున్నారో ఎక్కడ చూడాలి?
(చిరు వ్యాపారి, తెనాలి)

జవాబు: ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో పార్టీల విరాళాల నివేదికలు ఉంటాయి. ఏడాదిలో రూ.20,000 మించి ఇచ్చిన ప్రతివారి పేరూ ఫారం 24ఏలో రాయాలి. 2017లో బాండ్లకిచ్చిన మినహాయింపును కోర్టు కొట్టేసింది. కంపెనీలూ వ్యక్తుల విరాళాలు పోగుచేసి పార్టీలకు పంచే ఎలక్టోరల్ ట్రస్టుల వార్షిక నివేదికలూ అక్కడే చూడండి. ట్రస్టుకు ఎవరిచ్చారు, ట్రస్టు ఏ పార్టీకిచ్చింది అన్నవి రెండూ ఉంటాయి గానీ, ఎవరి రూపాయి ఎవరికి చేరిందో అక్కడా విడిగా తేలదు.

కంపెనీ వైపు నుంచి చూడాలంటే కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో వంద రూపాయలు కట్టి ఆ కంపెనీ దాఖలు చేసిన పత్రాలు తెరవొచ్చు. కంపెనీ ఏటా తన లెక్కలు దాఖలు చేసే ఏఓసీ-4 ఫారంతో జతచేసిన లాభనష్టాల ఖాతా, దాని నోట్సు చదవండి. ఏ పార్టీకి ఎంత ఇచ్చిందో చెప్పాలన్న పాత నిబంధన తీర్పుతో తిరిగి వచ్చింది, మూడేళ్ల సగటు లాభంలో ఏడున్నర శాతం మించకూడదన్న పరిమితీ వచ్చింది. పార్టీకే నేరుగా సమాచార హక్కు దరఖాస్తు పెడదామనుకుంటే మాత్రం తపాలా ఖర్చు దండగ. ఆరు జాతీయ పార్టీలు ఆ చట్టం కిందికి వస్తాయని కేంద్ర కమిషన్ 2013 జూన్‌లో చెప్పినా అవి అమలు చేయలేదు.