ఆరడుగుల క్రిస్మస్ ట్రీ బోసిగా కనిపిస్తోంది, గోడకు అంటించినవి ఊడిపోతున్నాయి. ఏం చేయాలి?

మీ దగ్గర ఆరడుగుల ప్లాస్టిక్ ట్రీ, వంద బల్బుల సీరియల్ సెట్లు నాలుగు ఉన్నాయన్నారు. ఎంత అలంకరించినా ట్రీ బోసిగానే ఉంటోందని, గోడ తోరణాలు తెల్లారేసరికి కిందపడుతున్నాయని రాశారు. కొత్తగా ఏమీ కొనకండి. లోపం సామానులో లేదు, అవి తగిలించే ముందు చేయాల్సిన పనిలో ఉంది.

ముందు ట్రీ. పెట్టెలో ఏడాదంతా నలిగిన రెమ్మలు కొమ్మకు అతుక్కుపోయి ఉంటాయి. కింది భాగాన్ని స్టాండులో బిగించి, పై భాగాలు ఎక్కించకముందే దాని కొమ్మలు సర్దేయండి. కడ్డీ దగ్గర మొదలుపెట్టి కొసవైపు వస్తూ ఒక రెమ్మ పైకి, ఒకటి పక్కకి, ఒకటి కిందికి వంచండి. అన్నిటినీ పైకే తిప్పితే మధ్యలో ఇనప కడ్డీ బయటపడుతుంది. ఆరడుగుల దానికి దగ్గర దగ్గర గంట పడుతుంది. విసుగు పనే, కానీ దీన్ని ఎగ్గొడితే ఎన్ని బంతులు తగిలించినా ఖాళీలు పూడవు. చేతులకు గ్లౌజులు వేసుకోండి, ఆ కొసలు బాగా గీరుకుంటాయి.

తర్వాత లైట్లు, ఆ పైనే బొమ్మలు. అడుగు ఎత్తుకు వంద బల్బులన్నది వాడుకలో ఉన్న లెక్క. అలా చూస్తే మీకు 600 కావాలి. కానీ ట్రీని గది మూలలో పెడితే వెనక వైపు ఎవరికీ కనపడదు, 400 సరిపోతాయి.

చుట్టకముందే ఒక్కో సెట్టునూ నేలమీద పరిచి కాసేపు వెలిగించి చూడండి. సెట్టులో ఒక ముక్క మాత్రమే ఆరిపోయి ఉంటే, ఆ ముక్కలోని బల్బులన్నీ ఒకే సిరీస్‌లో (కరెంటు ఒకదాని గుండా ఇంకోదానికి వెళ్లేలా వరసగా) ఉన్నాయని, అందులో ఎక్కడో తీగ తెగడమో బల్బు వదులవడమో జరిగిందని అర్థం. బల్బులు ఊడొచ్చే రకమైతే ప్లగ్గు తీసేసి ఒక్కొక్కటీ నొక్కి చూడండి. ఊడిరాని రకమైతే ఆ సెట్టు పక్కన పెట్టేయడమే మేలు. పాడైన బల్బులను మాత్రమే కత్తిరించి తీసేసి మిగతా తీగ కలిపేసే ‘రిపేరు’ మాత్రం వద్దు. సిరీస్‌లో బల్బులు తగ్గితే మిగిలిన ఒక్కోదాని మీద ఓల్టేజీ పెరుగుతుంది, అవి వేడెక్కి వరసగా పోతాయి.

గుడికి ప్రదక్షిణ చేసినట్టు ట్రీ చుట్టూ తిప్పుతూ పోవడం వల్లే లైట్లు పైపైన మెరుస్తాయి, లోపల చీకటిగా ఉండిపోతుంది. దాని బదులు ఒక సెట్టును కడ్డీకే కింది నుంచి పైదాకా చుట్టేయండి. లోతు వచ్చేది దీనివల్లే. ముందువైపు కనిపించే భాగాన్ని మూడు నిలువు వాటాలు అనుకుని, మిగిలిన మూడు సెట్లూ వాటాకొకటి ఇవ్వండి. ప్లగ్గు కొస కింద ఉంచి, తీగను కొమ్మ వెంట కడ్డీ నుంచి కొసదాకా తీసుకెళ్లి, మళ్లీ కడ్డీ దగ్గరికి తెచ్చి, ఒక కొమ్మ వదిలి పై కొమ్మకు వెళ్లండి. పండగయ్యాక తీసేటప్పుడు కూడా వాటా వాటాగా వచ్చేస్తాయి, చిక్కు పడవు. చుట్టాక గదిలో లైటు ఆర్పి, దూరంగా నిలబడి కళ్లు సగం మూసి చూస్తే చీకటి మచ్చలు ఇట్టే తెలుస్తాయి.

నాలుగు సెట్లూ ఒకే రంగు తెలుపా అని కూడా చూసుకోండి. 2700–3000 కెల్విన్ (వెలుతురు రంగును చెప్పే కొలత) ఉండే పసుపు ఛాయ వార్మ్ వైట్ పక్కన 6000 దాటిన నీలి ఛాయ కూల్ వైట్ పెడితే ఒకటి మాసినట్టు, ఇంకోటి ట్యూబులైటులా కనిపిస్తుంది. రెండూ ఉంటే కూల్ వైట్‌ని కిటికీకి పంపేయండి.

కరెంటు గురించి భయపడక్కర్లేదు, వంద ఎల్‌ఈడీల సెట్టు మామూలుగా పది వాట్ల లోపే తీసుకుంటుంది. పాత ఫిలమెంటు రకమైతే అదే వందకు సుమారు 40 వాట్లు. ఇబ్బంది వచ్చేది వదులుగా ఉన్న సాకెట్ దగ్గర, కార్పెట్ కింద నలిగే వైరు దగ్గర. వేర్వేరు కంపెనీల సెట్లను ఒకదాని కొసకు ఇంకోటి తగిలించొద్దు. మంచులా కనిపించాలని దూదిని లైట్ల మీద, అడాప్టర్ మీద పరవడం అసలే వద్దు. దూది క్షణాల్లో అంటుకుంటుంది.

బొమ్మలు అడుగుకు పది చొప్పున అరవై ఉంటే నిండుగా ఉంటుంది. పెద్ద బంతులు కడ్డీకి దగ్గరగా లోపల పెట్టండి, కడ్డీకి చుట్టిన వెలుతురు వాటి మీద పడి బయటికి వస్తుంది. చిన్నవి కొసలకు. బరువైనవి కింది కొమ్మలకు. రిబ్బను ఒకే పొడుగు ముక్కగా చుట్టకుండా రెండేసి అడుగుల ముక్కలు చేసి, రెండు చివరలూ కొమ్మల్లో దూర్చండి. పైన స్టార్ ఒరిగిపోతుంటే నడిమి కడ్డీకి ఒక సన్నని పుల్లను కేబుల్ టైతో బిగించి దానికి తొడగండి.

ఇక గోడ. అంటించే హుక్కులు ఊడేది దుమ్ము, జిడ్డు వల్ల. సబ్బునీళ్లు కాదు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో (త్వరగా ఆవిరయ్యే ఒక రకం స్పిరిట్) తుడిచి ఆరనివ్వండి. హుక్కును అర నిమిషం గట్టిగా నొక్కి, కనీసం గంట ఆగాకే బరువు తగిలించండి. కొత్తగా రంగు వేసిన గోడైతే వారం ఆగాలి. చేత్తో రుద్దితే పొడి రాలే సున్నపు గోడకు ఏ జిగురూ నిలవదు, అక్కడ కర్టెన్ రాడ్డుకో కిటికీ చువ్వలకో నైలాన్ దారంతో కట్టుకోవడమే దారి.

కాగితం స్టార్‌లో ఎల్‌ఈడీ బల్బే పెట్టండి, కాగితానికి తగలకూడదు. స్టార్ బరువు వైరు మీద పడకుండా వేరే తాడుతో కట్టండి. వరండాలో మంచు పడుతుందనుకుంటే ప్లాస్టిక్ స్టారే నయం, కాగితం మెత్తబడి సాగిపోతుంది. బయటి లైట్ల పెట్టె మీద ఐపీ44 (నీళ్లు చిందినా తట్టుకుంటుందని చెప్పే గుర్తు) అని ఉండాలి.

తీసేటప్పుడు, లాగితే సాగే పట్టీ ఉన్న హుక్కైతే ఆ పట్టీని గోడకు ఆనించి కిందికి మెల్లగా లాగండి. మీవైపు లాగితే రంగు పెచ్చుతో సహా వస్తుంది. సెట్లను ఒక్కొక్కటీ వేరే అట్టముక్కకు చుట్టి, అది ఏ వాటాదో అట్ట మీద రాసిపెట్టండి. రిమోట్లలో, బొమ్మల్లో బ్యాటరీలు తీసేయండి.