టర్బో లేని ఇంజిన్‌లో శక్తి పెంచాలంటే ముందు ఏ ఆర్‌పీఎంలో కావాలో తేల్చుకోవాలి

మీ కారులో టర్బో (గాలిని ఒత్తిడితో ఇంజిన్‌లోకి నెట్టే పరికరం) లేని 1.6 లీటర్ల పెట్రోల్ ఇంజిన్ ఉందని, అది 100 హార్స్‌పవర్ ఇస్తోందని, ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్ మార్చి ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) రీమ్యాప్ చేయిస్తే, అంటే అందులోని సెట్టింగులు మార్పిస్తే, మరో 30 నుంచి 40 హార్స్‌పవర్ వస్తుందా అని అడిగారు. ఆ మూడింటితో అంత రాదు. ఇలాంటి నాలుగు సిలిండర్ల ఇంజిన్లను చాలాకాలంగా విప్పి, బిగించి, డైనో (శక్తిని కొలిచే యంత్రం) మీద ట్యూన్ చేస్తున్న అనుభవంతో చెబుతున్నాను. మీరు కోరిన అంకె అసాధ్యమైనది కాదు, కానీ దానికి దారి వేరు.

టర్బో లేని ఇంజిన్‌లోకి గాలిని నెట్టేది వాతావరణ పీడనం ఒక్కటే. అందువల్ల ప్రతి లీటరుకు వచ్చే టార్క్‌కు (తిప్పే బలానికి) దాదాపు స్థిరమైన పరిమితి ఉంటుంది. మామూలు రోడ్డు కార్లలో అది లీటరుకు 90 నుంచి 100 న్యూటన్ మీటర్ల దాకా ఉంటుంది, ఎంతో శ్రద్ధగా రూపొందించిన ఇంజిన్లలో 110కి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. 1999లో వచ్చిన హోండా ఎస్2000 జపాన్ మోడల్ రెండు లీటర్ల ఇంజిన్‌తో 184 కిలోవాట్లు, అంటే దాదాపు 250 హార్స్‌పవర్ ఇచ్చింది. దాని గరిష్ఠ టార్క్ మాత్రం 218 న్యూటన్ మీటర్లే, అంటే లీటరుకు సుమారు 109. ఆ శక్తి అంతా టార్క్‌ను 8000 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దాటేవరకు నిలబెట్టగలిగినందువల్ల వచ్చినదే. కిలోవాట్లలో శక్తి అంటే టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించి 9549తో భాగించగా వచ్చేది. మీ ఇంజిన్ 5500 ఆర్‌పీఎం దగ్గర 130 న్యూటన్ మీటర్లు ఇస్తుంటే అది 75 కిలోవాట్లు, అంటే 100 హార్స్‌పవర్. 7000 దగ్గర 140 న్యూటన్ మీటర్లు ఇవ్వగలిగితే దాదాపు 138 హార్స్‌పవర్ అవుతుంది. మీ లెక్క తేలేది ఇక్కడే. ఏ ఆర్‌పీఎం దగ్గర ఇంజిన్ నిండుగా శ్వాసించాలో ముందు నిర్ణయించుకుని, తక్కిన భాగాలన్నీ ఆ నిర్ణయానికి కట్టుబడేలా ఎంచుకోవాలి.

ఒక్క భాగమైనా కొనకముందు ఇంజిన్ ఆరోగ్యం చూడాలి. కంప్రెషన్ పరీక్షతో పాటు లీక్‌డౌన్ పరీక్ష కూడా తప్పక చేయించండి. వాల్వ్‌లన్నీ మూసి ఉండేలా పిస్టన్‌ను పైకొసకు తెచ్చి స్పార్క్ ప్లగ్ రంధ్రం ద్వారా గాలి ఎక్కించినప్పుడు, బుస్సుమనే శబ్దం ఎక్కడి నుంచి వస్తోందో చెవి పెట్టి వింటే చాలు, జబ్బు ఎక్కడుందో తెలిసిపోతుంది. థ్రాటిల్ (గాలి వచ్చే దారిలోని తలుపు) వైపు వినిపిస్తే ఇన్‌టేక్ (గాలి వచ్చే) వాల్వ్ సరిగా కూర్చోవడం లేదు, సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ (పొగ పోయే) వాల్వ్, ఆయిల్ పోసే మూత దగ్గరైతే పిస్టన్ రింగులు, రేడియేటర్‌లో బుడగలు వస్తే హెడ్ (సిలిండర్ల పైమూత) గ్యాస్కెట్. పాతబడిన ఇంజిన్‌లో వాల్వ్ సీట్లు సరిచేసి, వాల్వ్ క్లియరెన్స్ సర్దితేనే పోయిన శక్తి తిరిగి రావడం నేను చాలాసార్లు చూశాను. ఈ పరీక్షలయ్యాక, ఏమీ మార్చకముందే, డైనో మీద ఒక కొలత తీసి ఉంచుకోండి. తర్వాతి కొలతలన్నీ అదే డైనో, అదే గేరు, అదే టైర్ ప్రెషర్‌తో తీసుకోవాలి. ఒక డైనో అంకెను మరో డైనో అంకెతో పోల్చడంలో అర్థం లేదు.

ఎయిర్ ఫిల్టర్ విషయంలో ఊహించాల్సిన పనే లేదు, కొలవవచ్చు. ఫిల్టర్‌కూ థ్రాటిల్‌కూ మధ్య చిన్న ప్రెషర్ గేజ్ అమర్చి, పూర్తి థ్రాటిల్‌తో రెడ్‌లైన్ (అనుమతించిన గరిష్ఠ ఆర్‌పీఎం) దగ్గర పీడనం ఎంత పడిపోతోందో చూడండి. వాతావరణ పీడనం సుమారు 100 కిలోపాస్కల్స్ కాబట్టి, అక్కడ 2 కిలోపాస్కల్స్ తగ్గితే ఎంత గొప్ప ఫిల్టర్ వేసినా మీకు దక్కేది ఇంచుమించు 2 శాతమే. బాక్సు తీసేసి బానెట్ కింద తెరిచిన ఫిల్టర్ పెడితే నష్టం కూడా రావచ్చు. గాలి ఉష్ణోగ్రత 3 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ సాంద్రత సుమారు 1 శాతం తగ్గుతుంది, వేడి గాలి నాకింగ్‌ను (పెట్రోల్ మిశ్రమం తనంతట తానే మండి టకటకమనడాన్ని) కూడా తొందరగా తెస్తుంది. కంపెనీ ఇచ్చిన బాక్సునే ఉంచి, దానికి బయటి చల్లని గాలి అందేలా చూడటం నా దృష్టిలో మేలు.

ఎగ్జాస్ట్‌కు బ్యాక్ ప్రెషర్ (బయటికి పోయే పొగకు ఎదురయ్యే ఒత్తిడి) కావాలన్న మాట చాలామంది నమ్ముతారు. ఏ ఇంజిన్‌కూ అది అవసరం లేదు, కావలసింది వాయువుల వేగం. పైపు అతిగా వెడల్పైతే వేగం తగ్గి, ఒక సిలిండర్ నుంచి వెళ్లే పొగ తరువాతి సిలిండర్‌ను ఖాళీ చేయడానికి అందించే సాయం పోతుంది. సైలెన్సర్ కన్నా మ్యానిఫోల్డ్‌కే (సిలిండర్ల పొగను తెచ్చి కలిపే పైపులకే) విలువ ఎక్కువ. నాలుగు పైపులు రెండుగా, ఆ రెండు ఒకటిగా కలిసే అమరిక మధ్య ఆర్‌పీఎంలలో విశాలంగా టార్క్ ఇస్తుంది. నాలుగూ ఒకేచోట కలిసేది పై ఆర్‌పీఎంలకు అనుకూలిస్తుంది. రోడ్డు కారుకు నేను మొదటిదే వేస్తాను. క్యాటలిటిక్ కన్వర్టర్‌ను మాత్రం తీయించకండి, అది చట్టానికీ గాలికీ సంబంధించిన విషయం.

అసలు పని కామ్‌షాఫ్ట్‌ది, అంటే వాల్వ్‌లను తెరిచే ఇరుసుది. 6000 ఆర్‌పీఎం దగ్గర ఒక స్ట్రోక్ (పిస్టన్ ఒకసారి పైకో కిందికో కదలడం) 5 మిల్లీసెకన్లలో ముగుస్తుంది. ఇన్‌టేక్ వాల్వ్‌ను పిస్టన్ కిందికొస దాటాక కూడా కొంతసేపు తెరిచి ఉంచితే, వేగంగా వస్తున్న గాలి తన ఊపుతోనే ఇంకా లోపలికి చొరబడుతుంది. తక్కువ ఆర్‌పీఎంలో ఆ ఊపు ఉండదు కనుక, పైకి వస్తున్న పిస్టన్ అదే గాలిని వెనక్కి తోసేస్తుంది. ఎక్కువ డ్యూరేషన్ ఉన్న, అంటే వాల్వ్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచే కామ్ పైన ఇచ్చిన దాన్ని కింద తీసుకోవడానికి, ఐడ్లింగ్ గతుకులు పడటానికి కారణం ఇదే. ఈ మార్పిడి మీకు సమ్మతమో కాదో ముందే తేల్చుకోండి. రోజూ ట్రాఫిక్‌లో నడిచే కారుకు మధ్యస్థమైన కామ్‌ను మించి వేయమని నేను ఎవరికీ చెప్పను.

కామ్ మార్చినప్పుడు వాల్వ్ పిస్టన్‌కు ఎంత దగ్గరగా వస్తోందో కొలవకుండా ఇంజిన్ స్టార్ట్ చేయకూడదు. నేను పిస్టన్ తలపై మెత్తటి ప్లాస్టిసిన్ మట్టి పరిచి, పైన కొద్దిగా నూనె రాసి, పాత గ్యాస్కెట్‌తోనే హెడ్ బిగించి, క్రాంక్‌ను రెండు పూర్తి చుట్లు చేత్తో తిప్పుతాను. తర్వాత హెడ్ విప్పి, వాల్వ్ అచ్చు పడిన చోట మట్టిని బ్లేడుతో కోసి, అతి పలుచని చోట మందం కొలుస్తాను. ఇన్‌టేక్ వైపు 2 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ వైపు 2.5 మిల్లీమీటర్ల కన్నా తక్కువ ఉంటే ఆ అమరికతో ముందుకు వెళ్లను. కొత్త కామ్‌కు తగిన వాల్వ్ స్ప్రింగులు కూడా తప్పనిసరి. రెడ్‌లైన్‌ను 6500 నుంచి 7500కు పెంచితే పిస్టన్, కనెక్టింగ్ రాడ్ల మీద పడే జడత్వ బలం మూడింట ఒక వంతు పెరుగుతుంది, ఎందుకంటే అది ఆర్‌పీఎం వర్గాన్ని అనుసరిస్తుంది. రాడ్ బోల్టులు, బేరింగులు, ఆయిల్ ప్రెషర్ చూడకుండా లిమిటర్‌ను (ఆర్‌పీఎంను ఆపే పరిమితిని) జరపవద్దు.

కంప్రెషన్ నిష్పత్తిని (సిలిండర్‌లో మిశ్రమం ఎన్ని రెట్లు నొక్కుకుంటుందో దాన్ని) 10 నుంచి 11కు పెంచితే వచ్చేది 2 నుంచి 3 శాతమే అయినా, అది అన్ని ఆర్‌పీఎంలలోనూ వస్తుంది, పెద్ద కామ్ కింద తీసుకున్నదాన్ని కొంత భర్తీ చేస్తుంది. హెడ్‌ను చెక్కి పెంచేటట్లయితే కామ్ టైమింగ్ కొద్దిగా జరుగుతుంది, పైన చెప్పిన క్లియరెన్స్ కూడా తగ్గుతుంది. కాబట్టి మట్టితో కొలిచే పని చెక్కిన తరువాతే చేయాలి. మీకు నిత్యం దొరికే పెట్రోల్ ఆక్టేన్‌ను (నాకింగ్‌ను తట్టుకునే స్థాయిని) బట్టే ఈ నిష్పత్తిని నిర్ణయించండి.

ఈసీయూ ట్యూనింగ్ చివర రావాలి. మార్పులేమీ లేని టర్బో రహిత ఇంజిన్‌లో రీమ్యాప్ ఇచ్చేది సాధారణంగా కొద్ది శాతమే. భాగాలు మారాక మాత్రం అది లేనిదే పని జరగదు. పొగలోని ఆక్సిజన్‌ను కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సర్ పెట్టి, పూర్తి లోడ్ దగ్గర గాలి, పెట్రోల్ నిష్పత్తిని 12.5 నుంచి 13 మధ్యకు తెచ్చాక, స్పార్క్ టైమింగ్‌ను ఒక్కో డిగ్రీ ముందుకు జరుపుతూ టార్క్ చూస్తాను. టార్క్ పెరగడం ఆగిన చోట నేనూ ఆగుతాను, అంతకుముందే నాకింగ్ వినిపిస్తే అక్కడి నుంచి వెనక్కి వస్తాను. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక కూడా ఈ పరీక్ష మళ్లీ చేయాలి. మీ ఇంజిన్‌లో వేరియబుల్ వాల్వ్ టైమింగ్ (వాల్వ్ తెరిచే సమయాన్ని నడుస్తూనే మార్చే ఏర్పాటు) ఉంటే దాని మ్యాప్‌ను కూడా కొత్తగా వెతుక్కోవాలి.

ఇవన్నీ కుదిరాక గేర్ల సంగతి చూడాలి. శక్తి 5500 నుంచి 7000కు జరిగింది కాబట్టి, పాత గేరింగ్‌తో పై గేరు వేసిన ప్రతిసారీ ఇంజిన్ తనకు బలం లేని ఆర్‌పీఎంలోకి పడిపోవచ్చు. ఫైనల్ డ్రైవ్ (గేర్‌బాక్స్ తర్వాత, చక్రాలకు ముందుండే చివరి గేరు) నిష్పత్తిని కొద్దిగా పొట్టి చేస్తే వెళ్లే ప్రతి వేగం దగ్గరా ఇంజిన్ ఇంకాస్త ఎక్కువ ఆర్‌పీఎంలో తిరుగుతుంది. హైవే మీద శబ్దం, పెట్రోల్ ఖర్చు కొంత పెరుగుతాయి, కానీ కొత్త కామ్ పనితనం మీ కాలి కింద తెలియాలంటే ఈ మార్పు కూడా లెక్కలో ఉండాలి.