సండే స్కూల్ చెప్పే అబ్బాయి ఎస్సై అవుతానంటే...

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ అయ్యాక ఎస్సై పరీక్షకు చదువుతున్నాడు. చిన్నప్పటి నుంచి చర్చిలో పెరిగాడు, సండే స్కూల్లో పిల్లలకు పాఠాలు చెప్తాడు. పోలీసంటే తిట్లు, దెబ్బలు, మామూళ్లు అంటారు కదా. వీడు అక్కడ ఇమడగలడా? ఇమిడితే వీడి విశ్వాసం మిగులుతుందా? - ఒక తల్లి, చీరాల

జవాబు: అమ్మా, బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి సైనికులు వెళ్లి మేమేం చేయాలని అడిగితే ఆయన ఉద్యోగం మానేయమనలేదు. బెదిరించి గుంజుకోవద్దు, లేని నేరం అంటగట్టొద్దు, జీతంతో సరిపెట్టుకోండి అన్నాడు. బైబిల్లో లూకా సువార్త మూడో అధ్యాయంలో ఉంది, మీవాడికి తెలిసే ఉంటుంది. ఇవాళ ఏ స్టేషన్ గోడ మీద రాసినా అతికే మాటలే.

కానీ చర్చికి వెళ్తాడు కాబట్టి మంచి పోలీసు అవుతాడని మాత్రం అనుకోకండి. అసలు పరీక్ష రాత్రి రెండింటికి వస్తుంది. దొంగతనం కేసులో ఒకణ్ణి తెచ్చి కూర్చోబెడతారు. పోలీసు ముందు నేరం ఒప్పుకుంటే అది కోర్టులో చెల్లదని స్టేషన్‌లో అందరికీ తెలుసు, అయినా చెయ్యి చేసుకుంటారు, ఎందుకంటే వాడు చెప్పిన చోట సొత్తు దొరికితే ఆ మేరకు ఆ మాట చెల్లుతుంది, పైనుంచి ఫోన్ చేసేవాళ్లు అడిగేదీ రికవరీ ఎంతయిందనే.

నా దగ్గర చదువుకుని ఎస్సై అయిన ఒకబ్బాయి చెప్పాడు. సెల్‌ఫోన్ దొంగ అని పట్టుకొచ్చిన కుర్రాడు పొద్దున్నుంచి ఏమీ తినలేదట. హోంగార్డును పంపి బండి మీద నాలుగు ఇడ్లీలు తెప్పించి, వాడు తినేదాకా ప్రశ్నలు ఆపాడు. బైబిల్లో ఫిలిప్పీ పట్టణపు చెరసాల నాయకుడు ఖైదీలుగా ఉన్న పౌలు, సీలల గాయాలు కడిగి భోజనం పెట్టాడని చిన్నప్పటి నుంచి వింటున్నా సార్, అదేంటో ఆ రాత్రే తెలిసింది అన్నాడు. ఆ కుర్రాడు మారిపోయాడా అంటే, లేదు, మూడు నెలలకే మళ్లీ దొరికాడు. ఇడ్లీలు మళ్లీ తెప్పించారట.

అలాగని దయ ఒక్కటీ ఉంటే సరిపోదు, చట్టం నోటికి రావాలి. 1996లో డి.కె.బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పినవి మీవాణ్ణి కంఠతా పట్టమనండి: అరెస్టు మెమో, అంటే ఎప్పుడు పట్టుకున్నారో తెలిపే కాగితం రాయాలి, ఇంట్లోవాళ్లకు చెప్పాలి, కస్టడీలో ఉన్నవాడికి 48 గంటలకోసారి వైద్య పరీక్ష చేయించాలి. ప్రయాణ సమయం పోను 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. ఇవి పాటిస్తే సగం పాపం దానంతటదే తగ్గుతుంది.

నాకు ఎక్కువ భయం ఇంకోచోట ఉంది. మొగుడు కొట్టాడని ఒకావిడ స్టేషన్‌కు వస్తుంది, వెనకే చర్చి పెద్దలు వచ్చి క్షమించమ్మా, సర్దుకుపో అంటారు. మీవాడికి ఆ మాట తియ్యగా వినిపిస్తుంది, ఎందుకంటే తను పెరిగింది ఆ మాటల మధ్యే. క్షమించాలా వద్దా అన్నది ఆవిడ ఇష్టం, ఖాకీ వేసుకున్నవాడు ఆ మాట ఎత్తకూడదు, చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలి. అలాగే 'మనోడే' అని పాస్టర్‌గారి నుంచి ఫోన్ వచ్చినా ఎమ్మెల్యే ఫోన్‌తో సమానంగానే చూడాలి. స్టేషన్‌లో బైబిల్ వాక్యం చెప్పడం, కరపత్రాలు పంచడం అసలే వద్దు. భయంతో వచ్చినవాళ్లకు ప్రార్థన చేస్తానన్నా అది ఆర్డర్‌లాగే వినిపిస్తుంది.

ఆదివారం ఆరాధన చాలాసార్లు పోతుంది, క్రిస్మస్ రోజు ఇంకో చర్చి గేటు దగ్గర బందోబస్తు పడుతుంది, వినాయక నిమజ్జనానికి రాత్రంతా నిలబడాలి. ఇది ముందే మాట్లాడుకోండి. ఒంటరితనం కూడా ఉంటుంది, మామూళ్లు ముట్టనివాణ్ణి తోటివాళ్లు కాస్త దూరం పెడతారు. లండన్‌లో క్యాథరిన్ గర్నీ అనే ఆవిడ 1883లోనే క్రైస్తవ పోలీసుల కోసం ఒక సంఘం పెట్టింది, అది ఇప్పటికీ నడుస్తోంది. మీవాడికి అంత పెద్ద సంఘం అక్కర్లేదు, డ్యూటీలో జరిగింది దాచకుండా చెప్పుకునే ఒక స్నేహితుడుంటే చాలు.

ఇమడగలడా అంటే, అది నాకంటే వాడే బాగా చెప్పగలడు. ఒకరోజు దగ్గర్లోని మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్లి వెనక బెంచీలో కూర్చోమనండి. నిందితుల్ని తెచ్చే కానిస్టేబుళ్లు వాళ్లతో ఎలా మాట్లాడుతున్నారో, ఎవరు మంచినీళ్లు ఇస్తున్నారో, ఎవరు మెడ పట్టి నెడుతున్నారో చూడమనండి. ఆ సాయంత్రం ఇంటికొచ్చాక అడగండి. ఈలోపు 1600 మీటర్ల పరుగు మాత్రం ఆపొద్దని చెప్పండి, రాతపరీక్ష దాటినవాళ్లు కూడా చాలామంది అక్కడే ఆగిపోతున్నారు.