మన ఊరి సైనిక స్తూపం మీద ఏం రాయాలి?

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

స్తూపం మీద చెక్కించడానికి నువ్వు పంపిన నమూనా చదివాను. ఈ పని తలకెత్తుకున్నందుకు చాలా సంతోషం. అయితే పై సగమంతా ఆవిష్కర్తలు, దాతలే ఉన్నారు. అమరులైన మన పిల్లల పేర్లు అడుగున చిన్న అక్షరాల్లోకి వెళ్లాయి. ముందు అది మార్చు. దాతల పేర్లు వెనకవైపు వేయించు, ఎవరూ కాదనరు.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత మన దేశంలో చాలా ఊళ్లలో బ్రిటిష్ ప్రభుత్వం రాతిపలకలు పెట్టించింది. 1914–1919 మహాయుద్ధానికి ఈ ఊరి నుంచి ఇంతమంది వెళ్లారు, వారిలో ఇంతమంది ప్రాణాలిచ్చారు అని మాత్రమే వాటి మీద ఉంటుంది. వెళ్లింది ఎవరి ముత్తాతో ఆ పలక చెప్పదు. అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే బాణ, వైదుంబ రాజుల కాలంలో మన రాయలసీమలో వీరగల్లులు, అంటే వీరుల స్మారక శిలలు, వేయించినవాళ్లు వీరుడెవరో, ఎవరి తరఫున పోరాడి ఎక్కడ పడిపోయాడో కొద్ది వరుసల్లో చెప్పారు. నువ్వు ఆ దారి పట్టు.

ఒక్కొక్కరికీ ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, తల్లిదండ్రుల పేర్లు, హోదా, రెజిమెంట్, మరణించిన చోటు, తేదీ ఉండాలి. పొడి అక్షరాలు వద్దు. సైన్యం కాగితాల్లో పేర్లు ఇంగ్లిషులో ఉంటాయి. వాటిని చూసి తెలుగులో రాస్తే ల, ళలు తారుమారవుతాయి. ఇంటికి వెళ్లి, వాళ్ల చేతే రాయించుకో.

అందరికీ కలిపి ‘శత్రువులతో పోరాడుతూ’ అని రాశావు. అది నాకు నచ్చలేదు. సియాచిన్‌లో తూటాల కంటే మంచు, చలి ఎక్కువమందిని పొట్టన పెట్టుకున్నాయి. హిమపాతంలో పోయినవాడి త్యాగం తక్కువది కాదు, దానికి లేని యుద్ధం కల్పించనక్కర్లేదు. కొడుకు ఎలా పోయాడో ఆ తల్లికి తెలుసు. రాతి మీద ఇంకోలా ఉంటే ఆవిడ ఎలా చదువుకుంటుంది? ‘సియాచిన్‌లో విధి నిర్వహణలో అమరుడయ్యాడు’ అని రాయి. కార్గిల్‌లో పోరాడి పోయినవారికి ద్రాసో బటాలికో, ఆ చోటు పేరే వేయి.

నాగాలాండ్‌లోని కోహిమా యుద్ధ స్మారకం మీది ‘మీ రేపటి కోసం మా నేటిని ఇచ్చాం’ అన్న వాక్యాన్ని తెలుగు చేసి పెట్టావు. గొప్ప మాటే. కానీ అది 1944లో ఆ కొండ మీద పోరాడిన బ్రిటిష్ రెండో డివిజన్ వారి కోసం చెక్కినది. మనవాళ్లకు మన మాటలే ఉండనీ.

వరుస హోదాను బట్టి కాకుండా తేదీలను బట్టి పెట్టు. కామన్వెల్త్ యుద్ధ సమాధుల్లో అధికారికీ సిపాయికీ ఒకే కొలత రాయి వేస్తారు, అక్షరాల విషయంలో నువ్వూ అలాగే చెయ్యి. కింద కొంత చోటు వదులు. 1962, 1965 యుద్ధాల నాటి వారి కుటుంబాలు కొన్ని ఊరు విడిచి వెళ్లిపోయాయి, రేపు ఎవరైనా కాగితాలు పట్టుకుని రావచ్చు.

అక్షరాలు లోతుగా చెక్కించు, ఉత్త రంగు నిలవదు. శిల్పికి ఇచ్చేముందు అసలు కొలతలో కాగితం మీద రాయించి ఇంటింటికీ చూపించి సంతకాలు తీసుకో. చెక్కాక దిద్దడం కుదరదు. మార్చిన నమూనా నాకూ ఒకటి పంపు.

ఇట్లు,
మీ మామయ్య