బ్యాచ్ గ్రూపులో బైబిల్ వాక్యం పెట్టొచ్చా?

ప్రశ్న: బ్రదర్, మా పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో రోజూ పొద్దున్నే వాక్యం పెడుతుంటాను. మొన్న ఒకతను "మతం మార్చడానికి ఈ గ్రూపే దొరికిందా" అన్నాడు, మాటా మాటా పెరిగింది. మానేస్తే ప్రభువు విషయంలో సిగ్గుపడినట్టు కాదా? – ఒక సోదరి, ఏలూరు

జవాబు: కాదమ్మా. రోజూ గులాబీల బొమ్మ మీద వాక్యం వస్తుంటే చాలామంది మ్యూట్ చేసేస్తారు, మన సంఘంవాళ్లు కూడా, బయటికి చెప్పరంతే. 1 పేతురు 3:15 ఇంకోసారి చదవండి, అడిగినవాళ్లకు జవాబు చెప్పమంటోంది, అదీ సాత్వికంగా. రాజ్యాంగం 25వ అధికరణలో మత ప్రచార హక్కు ఉంది, నిజమే, కానీ స్నేహితుల దగ్గర సెక్షన్లు తీస్తే ఎవరు వింటారు?

పౌలు ఏథెన్సులో విగ్రహాలు చూసి లోపల ఎంత రగిలిపోయినా (అపొ. కార్యములు 17) వాళ్ల దేవుళ్లను తిట్టలేదు, వాళ్ల బలిపీఠం మీద రాసున్న దానితోనే మొదలుపెట్టి వాళ్ల కవుల మాటలే ఎత్తాడు. అయినా కొందరు ఎగతాళి చేశారు, ఆయన అక్కణ్ణుంచి వచ్చేశాడు, నమ్మినవాళ్లు కొందరు వెంట వచ్చారు.

మీరు అతనికి విడిగా ఫోన్ చేసి సారీ చెప్పండి, ఆ కాల్‌లో మాత్రం సువార్త ఎత్తకండి. రేపు ఎవరైనా పర్సనల్‌గా అడిగితే మీ జీవితంలో జరిగింది మీ మాటల్లో రాయండి. నిజమో కాదో తెలియని స్వస్థత వీడియోలు మాత్రం, పాస్టర్‌గారు పంపినా సరే, ఫార్వర్డ్ చేయొద్దు.